భీమిలిలో మరో చరిత్ర

భీమిలి అనగానే సినీప్రియులకి గుర్తొచ్చేదేమిటి? ఇంకేముంటుంది, ‘మరో చరిత్ర’! 1978లో బాలచందర్ గారు కమల్ హాసన్‌నీ, కొత్తమ్మాయి సరితనీ ఈ విశాఖ–భీమిలి తీరం వెంట తిప్పి, మనందరిచేతా కన్నీళ్ళు పెట్టించారు. రంగుల సినిమాలు జోరుమీదున్న రోజుల్లో తెలుపు నలుపుల్లో తీసిన ఆ చిత్రం మద్రాసులో తెలుగు సినిమాగానే ఏడాది దాటి ఆడింది.

మొన్న ఆదివారం విశాఖలో భీమిలి బస్సెక్కాను. ముప్ఫై కిలోమీటర్ల లోపే ప్రయాణం. కుడిపక్క సముద్రం, ఎడమపక్క కొండలు... కెమెరా లేకుండానే సినిమా!

దారిలో తొట్లకొండ దగ్గర దిగాను. రాతిలో తొలిచిన నీటితొట్ల వల్ల ఆ పేరొచ్చింది. పైన రెండువేల ఏళ్ళనాటి బౌద్ధారామం. ఇక్కడి తవ్వకాల్లో రోమన్ వెండినాణేలు కూడా దొరికాయంటే ఈ తీరానికి ఎక్కడెక్కడి బేరగాళ్ళతో పరిచయమో చూడండి!

మళ్ళీ బస్సు. గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటే భీమిలి. 17వ శతాబ్దంలో డచ్చివాళ్ళు వర్తకానికొచ్చి స్థిరపడ్డారు. 1824 ఒప్పందంతో వాళ్ళ స్థావరాలు ఇంగ్లీషువాళ్ళ పరమయ్యాయి. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఈ ఊరు ఇప్పుడు విశాఖ మహానగరంలో కలిసిపోయింది. డచ్చివాళ్ళ సమాధులు మాత్రం సముద్రపు గాలికి నల్లబడి ఇంకా ఉన్నాయి.

అసలు నేను వెళ్ళింది ఆ సమాధుల కోసమే. ఎందుకంటారా? డిగ్రీ చదివే రోజుల్లో ‘మరో చరిత్ర’ చూసిన మైకంలో నలుగురం కుర్రాళ్ళం ఇక్కడికొచ్చాం. బాలూ స్వప్నల్లా నేనూ చరిత్రకెక్కాలని, అక్కడి పాతగోడ మీద మేకుతో రెండు పేర్లు చెక్కాను. ఒకటి నాది. రెండో పేరుగల అమ్మాయికి ఆ సంగతి ఇప్పటికీ తెలీదు!

గోడంతా వెతుకుతుంటే బయట వల బాగుచేసుకుంటున్న తాత అడిగాడు: “ఏటి బాబూ, నువ్వూ పేరు రాయడానికే వచ్చినావేటి?”

“లేదు తాతా, చూడ్డానికే” అన్నాను.

“ఆ దొరలు సచ్చిపోయాక పేర్లు సెక్కించుకున్నారు. మీ కుర్రోళ్ళు బతికుండగానే సెక్కీసుకుంటన్నారు!”

తాత నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. అప్పటికే నా పేరు కనిపించింది. రెండో పేరు లేదు. దానిమీద ఇంకెవరో ప్రేమికుడు తన పేరు చెక్కేశాడు. ఆ చెక్కుళ్ళకి సున్నం పెళ్ళలుగా రాలి, లోపలి ఇటుక బయటపడింది. ఇన్ని గాలివానలకి తట్టుకున్న గోడ మా మేకులకి ఓడిపోయింది.

అందుకే మిత్రులారా, భీమిలి తప్పకుండా వెళ్ళండి. జంటగా వెళ్ళినా సరే! పేర్లు రాయాలనిపిస్తే బోలెడంత ఇసుక ఉంది. చెరిపే పని కెరటం చూసుకుంటుంది. గోడని మాత్రం వదిలేయండి. నేను చేసిన పాపం చాలు.

ఉంటాను మరి. వచ్చేవారం ఇంకో ఊళ్ళో కలుద్దాం!