అరవై ఏళ్ళకు కొత్త పలక



పోయిన క్రిస్మస్‌కు మా పెద్దబ్బాయి నాకొక టాబ్ తెచ్చి ఇచ్చాడు. చూడటానికి చిన్ననాటి పలకలాగే ఉంది. ముట్టుకుంటే ఏం చెడిపోతుందోనని తువ్వాలులో చుట్టి నెల రోజులు బీరువాలో దాచాను. నాలాగే దాచినవారు మీలోనూ ఉండవచ్చు. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ బడుల 8వ తరగతి పిల్లలకు టాబ్‌లు ఇచ్చారు గదా! అప్పటినుండి పల్లె ఇళ్ళకు ఇది కొత్త వస్తువేమీ కాదు. కాకపోతే పిల్లల చేతుల్లోనే తిరుగుతుంది, పెద్దల చేతికి రాదు.

మా ఇంట్లో ఉండి ఇంటరు చదువుతున్న మనవరాలిని నేర్పమన్నాను. "ఇంతే అమ్మమ్మా" అంటూ దాని వేళ్ళు అద్దంమీద పరుగెత్తాయి. నాకొక్క ముక్క అర్థం కాలేదు. మరునాడు షరతు పెట్టాను. "నువ్వు నోటితో చెప్పు. చేతులు వెనక్కి కట్టుకో. నేనే నొక్కుతాను" అన్నాను. నా చదువు ఆ రోజే మొదలైంది.

మొదటి పాఠం వేలు. గోటితో గీకితే టాబ్ పలకదు. వేలికొన మెత్తగా తగలాలి. మన చర్మం గుండా కొద్దిపాటి విద్యుత్తు ప్రసరిస్తుంది కాబట్టి, దాన్నిబట్టే అద్దం మన స్పర్శను పసిగడుతుందట. అందుచేత గట్టిగా నొక్కనక్కరలేదు. తడిచేతితో మాత్రం ముట్టుకోకూడదు. ఒకసారి తాకితే తెరుచుకుంటుంది. వేలు అలాగే ఉంచితే ఇంకేం చేయాలని అడుగుతుంది. రెండు వేళ్ళు ఆనించి దూరం జరిపితే బొమ్మ పెద్దదవుతుంది.

రెండవ పాఠం ఇంటిదారి. నా టాబ్‌లో అడుగున మూడు గుర్తులున్నాయి. త్రికోణం నొక్కితే ఒక మెట్టు వెనక్కి వస్తాం. గుండ్రం నొక్కితే మొదటి పేజీకి చేరతాం. చతురస్రం నొక్కితే ఇంతవరకు తెరిచినవన్నీ కనిపిస్తాయి. కొన్ని టాబ్‌లలో ఈ గుర్తులుండవు. అడుగునుండి పైకి వేలు జరిపితే చాలు. "ఏమీ తోచకపోతే గుండ్రం నొక్కు అమ్మమ్మా" అంది మనవరాలు. ఆ ఒక్క మాటతో నా భయం సగం పోయింది.

మూడవ పాఠం అక్షరాలు. సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే అనేచోట అక్షరాల సైజు పెంచుకోవచ్చు. ఇప్పుడు బైబిలు కళ్ళజోడు వెతుక్కోకుండా చదువుకుంటున్నాను. తెలుగు టైపు రాకపోయినా ఫరవాలేదు. కీబోర్డులో మైకు గుర్తు నొక్కి మాట్లాడితే అదే రాస్తుంది. తప్పులు రాస్తే దిద్దుకోవాలి, అంతే. నా టాబ్‌లో సిమ్ లేదు కనుక నెట్ ఫోనునుండి హాట్‌స్పాట్ ద్వారా తీసుకుంటాను. వీడియోలు చూస్తే ఆ రోజు డేటా ఇట్టే అయిపోతుంది.

ఇక అసలు సంగతి. మార్చి నెలలో ఒక మధ్యాహ్నం, ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఫోను వచ్చింది. "బ్యాంకునుండి మాట్లాడుతున్నామమ్మా. ఈ సాయంత్రానికి మీ ఖాతా ఆగిపోతుంది. మీకొక లింకు పంపాం, తెరిచి వివరాలు నింపండి" అన్నాడు. ధాన్యం అమ్మిన డబ్బు ఆ ఖాతాలోనే ఉంది. చేతులు వణికాయి. టాబ్‌లో లింకు తెరిచాను. అచ్చం బ్యాంకు పేజీలాగే ఉంది. కార్డు నంబరు సగం కొట్టాను. కింద పిన్ కూడా అడుగుతోంది. ఎందుకో మనసొప్పలేదు. మనవరాలి మాట గుర్తొచ్చి గుండ్రం నొక్కాను. ఫోను పెట్టేసి అబ్బాయిని అడిగితే, అది దొంగ పేజీ అనీ, అందులో నింపినదంతా ఆ మనిషికే చేరుతుందనీ చెప్పాడు.

కాబట్టి గుర్తుంచుకోండి. టాబ్‌ను తాకితే చెడిపోదు. మన రహస్యపు అంకెలు ఇస్తేనే నష్టం. పిన్, ఓటీపీ ఎవరికీ చెప్పవద్దు. మనకు డబ్బు రావడానికి పిన్ కొట్టనక్కరలేదు. తొందరపెట్టేవారిని నమ్మవద్దు. డబ్బు పోయినట్లు తెలిస్తే సిగ్గుపడి దాచకుండా వెంటనే 1930కి ఫోను చేయండి, బ్యాంకుకూ చెప్పండి.

పిల్లలారా, రోజుకు పది నిమిషాలు పెద్దల పక్కన కూర్చోండి. అడిగిందే మళ్ళీ అడిగితే విసుక్కోవద్దు. మీకు అక్షరాలు దిద్దించినప్పుడు వాళ్ళు విసుక్కోలేదు గదా!

పెద్దలారా, బీరువా తెరవండి. ఈ నెల ఒక్క పని నేర్చుకోండి. దూరాన ఉన్న బిడ్డకు మీ వేలితో మీరే ఫోను కలపండి. వచ్చే నెల కలుసుకుందాం.