వెన్నుపూస విరిగితే సిమెంట్ ఇంజెక్షన్.. 'రేపే నడుస్తారు' అన్న మాటలో నిజమెంత?

బాత్‌రూమ్‌లో కాలు జారి కూలబడ్డారు. లేదా నీళ్ల బకెట్ వంగి ఎత్తారు. అంతే.. నడుం పట్టేసింది. అరవై దాటిన ఆడవాళ్లున్న ఇళ్లలో ఇది తరచూ వినే కథే. బామ్ రాసి వారం చూస్తారు. తీరా ఎక్స్‌రే తీస్తే వెన్నుపూస నలిగిపోయి ఉంటుంది. ఎముకలు గుల్లబారడమే అసలు కారణం. అప్పుడు వినిపించే మాట.. 'కోత లేదు, సిమెంట్ ఎక్కిస్తే రేపే నడుస్తారు'.

ఈ చికిత్స పేరు వర్టిబ్రోప్లాస్టీ. 1984లో ఫ్రాన్స్‌లో మొదలైంది. పేషెంట్‌ను బోర్లా పడుకోబెట్టి, మత్తిచ్చి, ఎక్స్‌రే తెరపై చూస్తూ సూదిని విరిగిన పూసలోకి దించుతారు. దాని గుండా బోన్ సిమెంట్ పంపుతారు. అది నిమిషాల్లోనే గట్టిపడుతుంది. కైఫోప్లాస్టీలో అయితే ముందు చిన్న బెలూన్ ఉబ్బించి, సిమెంట్‌కు చోటు చేస్తారు. ఒక్క పూసకు సుమారు గంట. చాలామంది అదే రోజో, మర్నాడో ఇంటికెళ్లిపోతారు. ఇంతవరకు చెప్పే మాట నిజమే.

మరి నొప్పి? ఇక్కడే డాక్టర్ల మధ్య పేచీ ఉంది. 2009లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో రెండు అధ్యయనాలు వచ్చాయి. కొందరికి నిజంగా సిమెంట్ ఎక్కించారు, మిగతావాళ్లకు ఎక్కించినట్టు నటించారు. విచిత్రం ఏంటంటే, ఇద్దరికీ నొప్పి దాదాపు ఒకేలా తగ్గింది! 2016లో లాన్సెట్‌లో వచ్చిన ఆస్ట్రేలియా అధ్యయనం మాత్రం, దెబ్బ తగిలి ఆరు వారాలు దాటని, నొప్పి తీవ్రంగా ఉన్నవాళ్లకు మేలు జరిగిందని తేల్చింది. 2018లో బీఎంజేలో వచ్చిన నెదర్లాండ్స్ అధ్యయనం మళ్లీ పెద్ద తేడా లేదంది.

అంటే సిమెంట్ దండగ అని కాదు. అందరికీ అక్కర్లేదని. చాలా ఫ్రాక్చర్లు మందులు, బెల్టు, కొద్దిపాటి విశ్రాంతితో రెండు మూడు నెలల్లో వాటంతటవే మానుతాయి. మందులు వాడినా మంచం దిగలేకపోతున్నవాళ్లకు, ఎంఆర్ఐలో పూస లోపల వాపు కనిపించి, ఫ్రాక్చర్ తాజాదేనని తేలినవాళ్లకు దీని గురించి ఆలోచించవచ్చు. ఎప్పుడో విరిగి మానిపోయిన పూసలో సిమెంట్ పోస్తే ఒరిగేదేమీ ఉండదు. కాబట్టి ఎంఆర్ఐ లేకుండా 'చేసేద్దాం' అంటే ఒక్క నిమిషం ఆగండి.

రిస్క్ లేదా అంటే ఉంది. సిమెంట్ కొద్దిగా బయటికి కారడం మామూలే, చాలాసార్లు ఇబ్బంది ఉండదు. అరుదుగా నరాన్ని నొక్కవచ్చు, రక్తంలో కలిసి ఊపిరితిత్తులకు చేరవచ్చు. ఇక కాళ్లలో పట్టు తప్పడం, మూత్రంపై అదుపు పోవడం ఉంటే అది ఎమర్జెన్సీ. అక్కడ ఈ సూది సరిపోదు, వెంటనే స్పైన్ సర్జన్‌కు చూపించాలి.

మన ఇళ్లలో ఎక్కువగా మరిచిపోయేది ఇంకొకటుంది. సిమెంట్ గట్టిపరిచేది ఒక్క పూసనే. మిగతావి గుల్లగానే ఉంటాయి. నొప్పి తగ్గిందని ఊరుకుంటే రేపు పక్క పూస విరగొచ్చు, తుంటి విరగొచ్చు. డిశ్చార్జ్ కాగితంలో నొప్పి మాత్రలే ఉండి, ఎముకల బలానికి మందు రాసి లేకపోతే, డెక్సా స్కాన్ ఎప్పుడు చేయించాలని అక్కడే అడగండి.