తాళంచెయ్యి చేసే మూడు పనులు

మన భాషలో తాళానికి ఒకచోట చెవి ఉంటుంది, ఒకచోట చెయ్యి ఉంటుంది. కృష్ణా గోదావరీ తీరాల వాళ్ళు తాళంచెవి అంటారు. మా కామారెడ్డి వైపు తాళంచెయ్యి అనేవాళ్ళు చాలామంది. ఏ అవయవమైతేనేం, పని జరిగితే చాలుననుకున్నాం ఇన్నాళ్ళూ. ఇప్పుడు కార్ల విషయంలో ఆ చెవీ చెయ్యీ రెండూ పోయి, వేలు ఒక్కటే మిగిలేటట్టుంది. కొత్త కార్లు చాలావాటిలో తాళం తిప్పే పని లేదు. జేబులో చిన్న బిళ్ళ ఉంటే చాలు. క్లచ్చో బ్రేకో తొక్కి, గుండ్రటి మీట నొక్కితే ఇంజను మేలుకుంటుంది. అది చూసి పాతకార్ల వాళ్ళకు మనసు లాగడం సహజం. ఆ మీటనూ దాని సరంజామానూ విడిగా కొని పాతకారుకు తగిలించుకోవచ్చునని తెలిస్తే ఇక చెప్పనే అక్కరలేదు.

సరదాకోసం పెట్టించుకునేవాళ్ళ సంగతి వేరు. అవసరం కొద్దీ అడిగేవాళ్ళూ ఉంటారు. మా మేనమామ సంగతే చూడండి. ఆయనది ఎల్లారెడ్డి. బడిపంతులుగా పనిచేసి రిటైరయ్యారు. అత్తయ్యకు మూత్రపిండాలు చెడిపోయి, వారానికి రెండుసార్లు కామారెడ్డికి తీసుకువెళ్ళి డయాలసిస్ చేయించాలి. లింగంపేట మీదుగా ఇంచుమించు 40 కిలోమీటర్లు. తెల్లవారుజామున 5 గంటలకే బయలుదేరాలి. కారు నడిపేది మామయ్యే. పదేళ్ళనాటి చిన్న కారు. నడపడానికి ఇబ్బంది లేదు కాని, కీళ్ళవాతంతో ఆయన కుడిచేతి బొటనవేలి మొదలు వాచింది. తాళం రెండు వేళ్ళ మధ్య పట్టి తిప్పాలంటే ప్రాణం మీదికి వస్తుంది. ఎడమచేత్తో తిప్పుదామంటే స్టీరింగు చక్రం అడ్డం. చలికాలంలో ఒకటి రెండుసార్లు అత్తయ్యే ఆయన మీదుగా వంగి, సూదులు గుచ్చించుకునే ఆ చేత్తోనే తాళం తిప్పవలసి వచ్చింది. ఆస్పత్రికి వెళ్ళే రోగే కారు స్టార్టు చేసుకోవలసి వస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి!

మామయ్య కొడుకు కామారెడ్డిలో ఉంటాడు. నాకు బావమరిది. తండ్రి అవస్థ చూడలేక ఒక దుకాణంలో మాట్లాడుకొచ్చాడు.

"ఏమున్నది బావా, ఒక్క పూటల అయిపోతది. గిట్ల ఒత్తితే గట్ల చాలూ అయితది. ఇగ బాపుకు తాళం తిప్పే గోసే ఉండది" అన్నాడు ఉత్సాహంగా.

మామయ్య మటుకు, "నాకు సోకులెందుకురా? పొద్దుగాల మీ అమ్మను యాళ్ళకు చేర్పిస్తే చాలు" అన్నారు.

ఇద్దరూ కలిసి నన్ను తోడు తీసుకుపోయారు. నిజానికి ఇందులో కొత్త ఏమీ లేదు. మొట్టమొదట కార్లకు ముందువైపు హ్యాండిలు పెట్టి, గిరగిర తిప్పి ఇంజను లేపేవారు. ఒక్కోసారి ఆ హ్యాండిలు వెనక్కి తన్నేది. మణికట్లు విరిగేవి. అమెరికాలో చార్లెస్ కెటరింగ్ అనే ఇంజనీరు దానికి విరుగుడు కనిపెట్టాడు. ఆయన అంతకుముందు దుకాణాల గల్లాపెట్టెలకు కరెంటు మోటారు బిగించినవాడు. గల్లాపెట్టె మోటారు రోజంతా తిరగదు. సొరుగు తెరిచేటప్పుడు క్షణంసేపు తిరుగుతుంది. కారు ఇంజనుకూ అంతే చాలునని ఆయనకు తట్టింది. అలా విద్యుత్తు స్టార్టరు 1912 క్యాడిలాక్ కార్లలో వచ్చింది. ఆ తరువాత చాలా ఏళ్ళు స్టార్టరుకు విడిగా మీటో, లాగే పిడో, కాలితో తొక్కే బొడిపో ఉండేది. తాళం పని కరెంటు వదలడం వరకే. 1949లో క్రైస్లర్ కంపెనీ రెండూ కలిపి, తాళం తిప్పితేనే స్టార్టరు తిరిగే పద్ధతి తెచ్చింది. మళ్ళీ 1998లో మెర్సిడెస్ వారు తాళం తీసేసి జేబులో బిళ్ళా, చేతికింద మీటా పెట్టారు. అంటే మన తాతల కాలం నాటి మీటే తిరిగి వచ్చిందన్నమాట.

కాని తేడా ఒకటి ఉంది. ఈ మధ్యకాలంలో తాళం మీద చాలా బరువు వేశాం. ఇప్పటి కారు తాళం ఒకటి కాదు, మూడు పనులు చేస్తుంది.

మొదటిది కాపలా. తాళం బయటికి లాగి స్టీరింగు కొంచెం తిప్పితే, లోపల ఒక ఇనుప కడ్డీ పడి చక్రాన్ని బిగిస్తుంది. దొంగ ఇంజను లేపినా బండి మలుపు తిరగదు.

రెండోది గుర్తింపు. చాలా కార్ల తాళం తలలో గోరంత చిప్పు ఉంటుంది. తాళం బుర్ర చుట్టూ ఉన్న తీగచుట్ట దాన్ని పలకరిస్తుంది. సరైన జవాబు వస్తేనే కారు కంప్యూటరు ఇంజనును నడవనిస్తుంది. దీనినే ఇమ్మొబిలైజరు అంటారు. యూరపులో 1998 నుంచి కొత్త కార్లకు దీన్ని తప్పనిసరి చేశారు.

మూడోది కరెంటు పంచడం. మొదటి మెట్టులో రేడియో వంటివి, రెండో మెట్టులో ఇంజనుకు కావలసినవి, చివరి మెట్టులో స్టార్టరు. ఆ చివరి మెట్టులో స్ప్రింగు ఉంటుంది. దాన్ని ఎదిరించి, ఇంజను అందుకునేదాకా వేళ్ళు బిగబట్టి ఉంచాలి. మామయ్య వేళ్ళు సహకరించనిది అక్కడే.

బజారులో దొరికే సరంజామాలో నీలం వెలుగు చుట్టిన మీట, ఒక చిన్న పెట్టె, జేబులో వేసుకునే బిళ్ళ, గుత్తెడు తీగలు ఉంటాయి. ఈ పెట్టె మూడోపనిని చక్కగా చేస్తుంది. మొదటి రెండు పనులూ ఎవరు చేస్తారన్నదే ప్రశ్న. ఆ ప్రశ్నే దుకాణంలో కుర్రవాణ్ణి అడిగాను.

"ఒక తాళంచెయ్యిని డ్యాష్‌బోర్డు లోపట దాచి పెడ్తం సార్. బండి కంప్యూటరు అసలు తాళమే ఉన్నదనుకుంటది" అన్నాడు.

"మరి స్టీరింగు లాకు?"

"దాన్ని కోసి పారేస్తం. దాంతోటేం పని?"

కుర్రవాడు దాపరికం లేకుండా చెప్పాడు, మెచ్చుకోవాలి. కాని ఆ మాటకు అర్థమేమిటి? ఇంటి తాళంచెయ్యిని ఇంటిగుమ్మానికే మేకు కొట్టి తగిలించి, పైన కొత్తగా కాలింగు బెల్లు పెట్టుకోవడం. చిప్పు కారులోనే ఉంటుంది గనుక దొంగకు ఆ గుర్తింపు అడ్డు కాదు. స్టీరింగు కడ్డీ లేదు గనుక మలుపూ అడ్డు కాదు. బయట దొరికే ఆ చిన్న పెట్టె ఒక్కటే ఇక కాపలా.

పోనీ, స్టీరింగు కడ్డీ కొయ్యకుండా ఉంచుదామంటారా? అది మరీ ప్రమాదం. తాళం బయట ఉండి, మీటతో ఇంజను లేచిందనుకోండి. బండి తిన్నగా కదులుతుంది. చక్రం తిప్పగానే కడ్డీ టక్కున పడుతుంది. ఎదురుగా లారీ ఉంటే గతేమిటి?

ఇంకొకటి. కంపెనీ నుంచి మీటతో వచ్చే కార్లలో, బండి నడుస్తుండగా పొరపాటున వేలు తగిలితే ఇంజను ఆగకుండా జాగ్రత్త తీసుకుంటారు. సాధారణంగా కొన్ని క్షణాలు నొక్కిపట్టాలి, లేదా వెంటవెంటనే నొక్కాలి. విడిగా కొన్న పెట్టెలన్నీ అలా ఉంటాయన్న భరోసా లేదు. ముందు సీట్లో మనవణ్ణి కూర్చోబెట్టుకునే అలవాటు మన ఇళ్ళలో ఉండనే ఉంది. వెలిగే మీట కనిపిస్తే పిల్లవాడు నొక్కకుండా ఉంటాడా? ఇంజను ఆగితే స్టీరింగు బరువెక్కుతుంది. బ్రేకుకు సాయంచేసే వాక్యూం రెండు మూడు తొక్కుళ్ళతో సరి; ఆ పైన బ్రేకు రాయిలా ఉంటుంది.

అన్నిటికంటే మామయ్యకు పట్టింది మరో మాట. "నడి తొవ్వల ఆ డబ్బా చెడిపోతే?" అన్నారాయన. తెల్లవారుజామున లింగంపేట దాటాక బండి ఆగిపోతే, వెనక కూర్చున్న అత్తయ్యకు ఆ పూట డయాలసిస్ తప్పినట్టే. కంపెనీ కార్లలో బిళ్ళ బ్యాటరీ చచ్చినా, దాన్ని మీట దగ్గర ఆనించడం వంటి దారి ఒకటి ఉంచుతారు. తీగలు కోసి అతికిన బండికి ఆ దారి ఉందో లేదో బిగించినవాడికే తెలియాలి.

అందుచేత ఆ దుకాణంలో సెలవు తీసుకుని, కామారెడ్డిలోనే పాతకాలపు ఆటో ఎలక్ట్రీషియన్ ఒకరి దగ్గరికి వెళ్ళాం. ఆయన మీట ఊసెత్తకుండా, ముందు తాళం పెట్టి తిప్పిచూశాడు. "తాళమే గట్టిపడ్డది" అన్నాడు. నూనె పోస్తే దుమ్ము పట్టుకుని ఇంకా బిగుస్తుందట. గ్రాఫైటు పొడి ఊది, నాలుగుసార్లు తిప్పేసరికి సగం మొండితనం పోయింది. అరిగిపోయిన తాళం మూలపెట్టి, వాడకుండా ఉంచిన రెండో తాళం తీయమన్నాడు. బండి ఆపినప్పుడు ముందుచక్రం రాతికో గట్టుకో ఆనితే స్టీరింగు కడ్డీ మీద ఒత్తిడి పడి తాళం తిరగదు. అప్పుడు ఎడమచేత్తో చక్రం కొంచెం అటూ ఇటూ కదిలిస్తూ తిప్పాలని చూపించాడు.

తరువాత తాళం తలకు నాలుగంగుళాల పిడి ఒకటి బిగించాడు. దీని కిటుకు పెద్దగా చెప్పనక్కర లేదు: పిడి పొడవు రెట్టింపయితే బలం సగం చాలు. వేళ్ళతో నొక్కి పట్టే పని లేదు. అరచేతితో తోస్తే సరిపోతుంది. బండి నడిపేటప్పుడు మోకాలికి తగలకుండా పిడి మడిచి పెట్టుకోవచ్చు.

చివరికి మీట కూడా పెట్టాడు. కాని ఎలా పెట్టాడన్నదే విశేషం. తాళం అలాగే ఉంది. చిప్పు, స్టీరింగు కడ్డీ ముట్టుకోలేదు. రెండో మెట్టుదాకా తాళమే తిప్పాలి. స్ప్రింగును ఎదిరించే ఆఖరి మెట్టు ఒక్కటే మీటకు అప్పగించాడు. స్టార్టరు మోటారు నూరు ఆంపియర్లకు పైగా లాగుతుంది. అంత కరెంటు మీటగుండా పోతే మీట మాడిపోతుంది. అందుకని మధ్యలో రిలే పెట్టాడు. మీట రిలేను లేపుతుంది, రిలే స్టార్టరు సోలెనాయిడును లేపుతుంది, సోలెనాయిడు మోటారుకు కరెంటు కలుపుతుంది. మీటగుండా పారేది ఆంపియరులో చిన్న భాగం. క్లచ్చు పూర్తిగా తొక్కితే తప్ప మీట పనిచేయకుండా పెడలు కింద స్విచ్చి పెట్టాడు. ఇంజను లేచి బ్యాటరీ దీపం ఆరగానే మీటకు కరెంటు అందకుండా ఇంకో రిలే పెట్టాడు. లేకపోతే నడుస్తున్న ఇంజను మీద స్టార్టరు పళ్ళు రాసుకుని కరకరమంటాయి. తీగకు ఫ్యూజు వేశాడు. మెలిపెట్టి టేపు చుట్టడం ఎక్కడా లేదు.

ఒక్క సంగతి గుర్తు పెట్టుకోమన్నాడు. తాళంతో స్టార్టు చేసేటప్పుడు హెడ్‌లైట్లకూ ఫ్యానుకూ కరెంటు ఆ కాసేపు ఆగుతుంది, బ్యాటరీ బలమంతా స్టార్టరుకు దక్కడానికి. ఈ మీటతో అలా ఆగదు. కాబట్టి అవి కట్టేశాకే నొక్కాలి. ఒకవేళ మీట పాడయినా భయం లేదు, పాతపద్ధతిలో తాళం తిప్పుకోవచ్చు.

ఖర్చు నీలంవెలుగు సరంజామాలో నాలుగోవంతు కాలేదు. బావమరిది రసీదు తీసుకుని, ఏమేమి బిగించారో ఇన్స్యూరెన్సు కంపెనీకి వ్రాసి పంపాడు. ఇది చాలామంది చెయ్యరు. తరువాత ఎప్పుడైనా బండి పోయినా, నిప్పంటుకున్నా, చెప్పకుండా చేసిన మార్పు దగ్గరే పేచీ మొదలవుతుంది. మామయ్య డాక్టరునూ అడిగివచ్చారు: తాళం తిప్పలేని చెయ్యి స్టీరింగు పట్టడానికి చాలుతుందా అని. 55 ఏళ్ళు దాటినవారికి లైసెన్సు అయిదేళ్ళకొకసారి మార్చుకోవలసిందే, దానికి వైద్యుడి సర్టిఫికెట్టూ కావలసిందే. అయినా ఆ ఫారం కోసం ఆగకుండా ముందుగా అడగడం మంచిది. పట్టు బాగానే ఉందనీ, ఆరునెలలకొకసారి చూపించుకోమనీ డాక్టరు చెప్పాడు.

మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు ఈ మీట మాట ఎత్తే ఉంటారు. వద్దనకండి. బిగించేవాణ్ణి మాత్రం నాలుగు ప్రశ్నలు అడగండి. స్టీరింగు లాకు ఏమవుతుంది? చిప్పు ఉన్న తాళం ఎవరి దగ్గర ఉంటుంది? నడుస్తుండగా వేలు తగిలితే ఏం జరుగుతుంది? పెట్టె చెడిపోతే బండి ఎలా లేస్తుంది? ఈ నాలుగింటికీ తిన్నగా జవాబు చెప్పినవాడికే కారు అప్పగించండి. మీట ఎర్రగా వెలగాలా నీలంగా వెలగాలా అన్నది ఆ తరువాత పిల్లల్ని అడిగి తేల్చుకోవచ్చు.