ఉద్దానాన్ని ఉద్దానమనే పిలవండి



ఈ టపా కొందరికి కటువుగా తోచవచ్చు. ముందే మన్నింపు కోరుతున్నాను. ముప్ఫై అయిదేళ్ళు పిల్లల వ్యాస పుస్తకాలను ఎర్ర సిరాతో దిద్దిన చేయి ఇది. ఉద్యోగ విరమణ జరిగింది గాని అలవాటు విరమించలేదు.

మొన్న మాఘమాసంలో మా మేనల్లుడు హైదరాబాదు నుండి కారులో వచ్చాడు. "మావయ్యా, టెక్కలి నుండి బారువ దాకా సముద్రం వెంబడి వెళ్ళి వద్దాం. దారులన్నీ మీకు తెలుసు కదా" అన్నాడు. తెలియకేం? ఆ దారిలోని బడులలోనే నా ఉద్యోగకాలం సగం గడిచింది. సంతోషంగా బయలుదేరాను. తీరా చూస్తే వాడి చేతిలో ఎవరో రాసిన యాత్రా వ్యాసం ప్రతి ఒకటి ఉంది. దారి పొడుగునా అది చదివి వినిపించాడు. అందులో నాలుగు మాటలు పదే పదే వచ్చాయి: సైబీరియా పక్షులు, మనిషి చేయి పడని ప్రకృతి, మరో కోనసీమ, ఎవరికీ తెలియని తీరం. ఆ వ్యాసకర్త ఎవరో నాకు తెలియదు, ఆయన మీద నాకు ద్వేషమూ లేదు. ఈ నాలుగు మాటలూ ఆయన సొంతమూ కావు. మన ప్రాంతం గురించి రాసే పదిమందిలో తొమ్మిదిమంది ఇవే రాస్తున్నారు. కనుక నేను దిద్దుతున్నది ఒక్కరి వ్యాసాన్ని కాదు.

మొదటిది, సైబీరియా పక్షులు.

టెక్కలి దాటి నౌపడ వైపు వెళితే తేలినీలాపురం వస్తుంది. పెలికాన్లని పిలిచే గూడబాతులు, పెయింటెడ్ స్టార్కులని పిలిచే ఎర్రకాళ్ళ కొంగలు ఊరి చెట్ల మీద గుంపులుగా కాపురం పెడతాయి. వానలు వెనుకబట్టే వేళకు వచ్చి, గూళ్ళు కట్టి, గుడ్లు పెట్టి, పిల్లలను పెంచి, ఎండలు ముదిరే వేళకు వెళ్ళిపోతాయి. ఇవి సైబీరియా నుండి వస్తాయని అందరూ రాస్తారు. నేనూ ఒకప్పుడు తరగతిలో అలాగే చెప్పాను. నా తప్పు కూడా ఇక్కడే ఒప్పుకుంటున్నాను. ఈ రెండు జాతులకూ సైబీరియాతో సంబంధం లేదు. వీటి ఇల్లు భారతదేశం, శ్రీలంక, ఆగ్నేయాసియా దేశాలు. పుస్తకం తెరవనక్కరలేకుండానే ఇది తట్టవలసింది. చలికి తాళలేక దూరదేశం నుండి వచ్చే పక్షి ఇక్కడ విడిది చేస్తుంది గాని గూడు కట్టదు. గూడు కట్టి గుడ్డు పెట్టిన చోటు పుట్టిల్లు అవుతుంది, విడిది ఎలా అవుతుంది?

ఇది చిన్న పొరపాటే కదా అంటారా? కాదు. అతిథి అనుకుంటే ఫోటో తీసి పంపించేస్తాం. ఇంటి పిల్ల అనుకుంటే దాని తిండి సంగతి అడుగుతాం. ఆ పక్షుల తిండి ఊళ్ళో చెట్ల మీద లేదు. నౌపడ, కాకరాపల్లి ప్రాంతపు తంపరల్లో ఉంది. తంపర అంటే తెలియని మిత్రులకు చెబుతున్నాను: ఏడాదిలో ఎక్కువకాలం నీరు నిలిచే పల్లపు నేల, చేపకు, కొంగకు, మనిషికి ఉమ్మడి పళ్ళెం. ఆ తంపరలో ఉష్ణ విద్యుత్కేంద్రం వద్దని ఊళ్ళు ఎదురు తిరిగితే 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో తుపాకులు పేలి మనుషుల ప్రాణాలు పోయాయి. ఈ సంగతి లేకుండా పక్షుల గురించి రాస్తే పళ్ళేన్ని వదిలి పక్షిని వర్ణించినట్టే.

రెండవది, మనిషి చేయి పడని ప్రకృతి.

నౌపడ ఉప్పు మడుల దగ్గర కారు ఆపాం. తెల్లటి కుప్పలు ఎండకు మెరుస్తున్నాయి. "అద్దాలు పరిచినట్టుందని రాశారు మావయ్యా" అన్నాడు మావాడు. నిజమే, చూడముచ్చటగానే ఉంది. కాని ఆ అద్దం మీద ఒట్టి పాదాలతో నిలబడి ఉప్పును లాగుతున్న ఆడమనిషి ఆ వ్యాసంలో లేదు. మడికి గట్టు వేసి, నీరు పెట్టి, ఎండబెట్టి, లాగి కుప్ప పోస్తే గాని ఆ తెల్లదనం రాదు.

పూండి దాటి వజ్రపుకొత్తూరు వైపు తోటల్లోకి వెళ్ళాం. పైన కొబ్బరి, దాని కింద పనస, మామిడి, జీడి, నడుమ అరటి, కంచె పక్కన మునగ. జీడి పూత మీద ఉంది. ఆ వాసన తెలిసినవాడికి వేరే అత్తరు అక్కరలేదు. ఉద్యానమే ఉద్దానమైందని మా పెద్దల మాట. విద్య విద్దె అయినట్లు ఉద్యానం ఉద్దానమైంది. ఉద్యానం అడవి కాదు. అడవి దానంతటది పుడుతుంది. ఉద్యానాన్ని ఎవరో నాటాలి. పేరులోనే మనిషి చేయి ఉంది. అటువంటి నేలను పట్టుకుని మనిషి చేయి పడలేదని రాయడం పేరు చదవకుండా ఊరు వర్ణించడం కాదా?

ఒక తోట దగ్గర నా పాత విద్యార్థి తండ్రి గుర్తుపట్టి పలకరించాడు. "ఏటి మేస్టారూ, ఇలగొచ్చినారు?" అంటూ కొబ్బరిబొండాలు కొట్టించాడు. చెట్లు ఇంకా పొట్టిగానే ఉన్నాయేమని మావాడు అడిగాడు. "పాతయన్నీ తుపానుకి పోనాయి బాబూ. ఇయి మళ్ళీ ఏసినవి. మా నాయిన ఏసిన సెట్టు ఒక్కటే మిగిలినాది, అదిగో" అని చూపించాడు. అదీ ఒక పక్కకు ఒరిగి ఉంది.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలోనే తీరం దాటింది. తిత్లీ అంటే సీతాకోకచిలుక. పేరు పెట్టిన వారి తప్పేమీ లేదు గాని, ఆ పేరు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అంతకు ముందు 2013 అక్టోబరు 12న ఫైలిన్, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్. ఆ రెండింటికీ తట్టుకున్న తోటలు మూడోదానికి పడుకున్నాయి. వరి పోతే ఒక పంట పోతుంది. కొబ్బరి పోతే తాత నాటింది పోతుంది. మళ్ళీ నాటితే కాపు చూడడానికి ఆరేడేళ్ళు కావాలి. ఆ ఆరేడేళ్ళూ తిండికి చాలామంది రైలెక్కారు. ఇవాళ మీరు దారిలో చూసే పచ్చదనం అలా వెళ్ళినవారు పంపిన డబ్బుతో, ఉండిపోయిన ముసలివాళ్ళు మోసిన నీళ్ళతో తిరిగి వచ్చింది. దానిని ప్రకృతి ప్రసాదం అంటే ఆ ముసలాయన ముందు నాకు తలెత్తుకోవడం కష్టమైంది.

మూడవది, మరో కోనసీమ.

అలంకారశాస్త్రం చదువుకున్నవాణ్ణి కనుక ఉపమానం మీద నాకు పగ లేదు. ఉపమేయంలోని గుణాన్ని వెలిగించడానికే ఉపమానం. ఇక్కడ అది ఉపమేయాన్ని మింగేస్తున్నది. కోనసీమకు గోదావరి ఉంది, ధవళేశ్వరం ఆనకట్ట ఉంది, కాలువలు ఉన్నాయి. ఉద్దానానికి ఇసుక నేల, బావినీరు, వానచినుకు. నీరు ఉన్నచోట కొబ్బరి పెంచడం ఒక విద్య. ఇసుకలో పెంచడం మరో విద్య. రెండింటినీ ఒకే పేరుతో పిలిస్తే రెండవ విద్యకు పేరే లేకుండా పోతుంది.

ఆ బావినీటి గురించి కూడా చెప్పుకోవాలి. ఉద్దానం పేరు దేశానికి తెలిసింది కొబ్బరితో కాదు, మూత్రపిండాల జబ్బుతో. ఏళ్ళ తరబడి పరీక్షలు జరిగినా కారణం ఇదమిత్థమని నేటికీ తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో మూత్రపిండ వ్యాధుల పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుండి తాగునీరు తెచ్చే పథకమూ అప్పుడే మొదలైంది. నా దగ్గర పద్యాలు అప్పగించిన పిల్లల్లో కొందరు ఈనాడు వారానికి రెండుమూడుసార్లు డయాలిసిస్ మంచం మీద పడుకుంటున్నారు. వారి పేర్లు రాయను.

ఇక్కడ మావాడు అడ్డు తగిలాడు. వాడి వాదన కూడా ఉన్నదున్నట్టు రాస్తాను. "మావయ్యా, మీరు చెప్పినవన్నీ రాస్తే ఇక్కడికి ఎవరు వస్తారు? నలుగురు వస్తేనే కదా ఊళ్ళోవాళ్ళకు నాలుగు డబ్బులు? ఏడుపు చదివి ఎవరైనా కారు తీస్తారా?"

ఇది కొట్టిపారేసే మాట కాదు. ఏడుపు ఒక్కటే రాసేవారు మాకు చేసిన మేలూ తక్కువే. ఉద్దానం అనగానే జబ్బు ఊరు అని పిల్లనివ్వడానికి వెనుకాడిన సంబంధాలు నాకు తెలుసు. అందాన్ని దాచమని నేను చెప్పడం లేదు. అక్కుపల్లి ఇసుకలో కూర్చుని పొద్దు పొడవడం చూస్తే నాకూ అరవై ఏళ్ళు దాటిన సంగతి గుర్తుండదు. నేను అడుగుతున్నది ఒకటే. అందాన్ని రాసేటప్పుడు దాన్ని కాపాడుతున్నవాణ్ణి చెరిపేయకండి.

ఎందుకింత పట్టుదల అంటే, నాలుగవ మాట ఉంది గనుక. ఎవరికీ తెలియని తీరం.

సోంపేట దగ్గర బీల ఉంది. అదీ తంపర వంటిదే. చుట్టుపక్కల ఊళ్ళకు సాగునీరు, చేపలు, పశువుల మేత అక్కడినుండే. అక్కడ ఉష్ణ విద్యుత్కేంద్రం కట్టదలచినప్పుడు కాగితాల మీద ఆ నేలను పనికిరాని భూమిగా చూపించారు. గమనించండి, అదీ ఒక వర్ణనే. 2010 జులై 14న జనం మీద కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. అదే రోజున ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పిలేట్ సంస్థ ఆ కేంద్రానికిచ్చిన పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. బీల మిగిలింది. కాగితంలోని వర్ణన తప్పని రుజువు కావడానికి ఇంత ఖర్చయింది.

ఇక చెప్పండి. "ఎవరూ లేని తీరం, ఎవరికీ తెలియని నేల" అని యాత్రికుడు ముచ్చటగా రాసిన మాటకూ, "ఖాళీ భూమి" అని దస్త్రంలో రాసిన మాటకూ ఎంత దూరం? ఉద్దేశాలు వేరు కావచ్చు. రెండింటిలోనూ మనిషి లేడు. మనిషి లేని నేలను ఎవరైనా అడగవచ్చు, ఎవరికైనా ఇవ్వవచ్చు. మూలపేటలో 2023 ఏప్రిల్‌లో ఓడరేవుకు శంకుస్థాపన జరిగింది. పలాస ప్రాంతంలో విమానాశ్రయం అన్న మాటా వినిపిస్తోంది. అవి కావాలా వద్దా అన్నది వేరే చర్చ. అందులో మా ఊళ్ళోనే రెండు పక్షాలున్నాయి. కాని ఆ చర్చలో ఈ నేల మీద ముందునుండి ఏముందో, ఎవరున్నారో చెప్పే సాక్ష్యం కావాలి. మనం రాసే నాలుగు వాక్యాలూ ఆ సాక్ష్యంలో భాగమే.

ఎవరికీ తెలియదట! 1940లో అఖిల భారత కిసాన్ సభ మహాసభ జరిగింది పలాసలో. ఆ ఏడాదే మందస జమీందారీలో రైతుల మీద జరిగిన కాల్పుల్లో గున్నమ్మ నేలకొరిగింది. సర్దార్ గౌతు లచ్చన్న పుట్టింది బారువలో. అంతకు వందల ఏళ్ళ ముందే కాళిదాసుకు ఈ సీమ తెలుసు. మందస దగ్గర పడమట నీలంగా నిలిచే మహేంద్రగిరి రఘువంశం నాలుగవ సర్గలో ఉంది. రఘుమహారాజు సేనలు కళింగాన్ని గెలిచి ఇక్కడ కొబ్బరికల్లు తాగాయట. మా కొబ్బరి అప్పటికే కావ్యానికి ఎక్కిందన్నమాట. ఆ రాజు మహేంద్రనాథుని సిరిని మాత్రం తీసుకుని, నేలను అతనికే వదిలిపెట్టాడంటాడు కవి. జయించడానికి వచ్చినవాడికే ఆ మర్యాద ఉండగా, చూడడానికి వచ్చిన మనకు ఉండవద్దా?

పొద్దుగూకే వేళకు బారువ చేరాం. మహేంద్రతనయ సముద్రంలో కలిసేది అక్కడే. ఇసుకలో ఒక తాబేలు చచ్చి పడి ఉంది. ఆలివ్ రిడ్లే తల్లి తాబేళ్ళు ఈ రోజుల్లోనే గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు వస్తాయి. వలల్లో చిక్కి కొన్ని ఇలా పోతాయి. మిగిలినవి రాత్రివేళ ఇసుక తవ్వి ఒక్కొక్కటి నూరుకు అటూ ఇటూ గుడ్లు పెట్టి వెళతాయి. వాటిని ఏరి కంచె వేసిన చోట పాతిపెట్టి కాపలా కాసేది ఊరి కుర్రాళ్ళే. నెలన్నర, రెండు నెలలకు పిల్లలు బయటికి వచ్చి వెలుగు కనిపించిన వైపు నడుస్తాయి. సముద్రం మీది వెలుతురే వాటికి దారి. ఒడ్డున దీపాలు వెలిగితే దారి తప్పి అటే వస్తాయి.

మావాడు కారు దీపాలు ఆర్పి వచ్చాడు. నేను చెప్పలేదు. తరువాత జేబులోనుండి ఆ వ్యాసం తీసి, "దీన్ని మీరే దిద్దండి మావయ్యా" అని నా చేతికిచ్చాడు. ఈ టపా ఆ దిద్దుబాటే.

మిత్రులారా, మా తీరానికి తప్పక రండి. మాఘమాసంలో రండి, మందస కోవా తినండి, పలాస జీడిపప్పు కొనండి, పప్పు ఒలిచే ఆడవాళ్ళ చేతులు కూడా ఒకసారి చూడండి. చూసినది రాయండి. రాసేటప్పుడు ఊరిని ఊరి పేరుతో, పక్షిని దాని పేరుతో, తంపరను తంపర అని, బీలను బీల అని రాయండి. తోట కనిపిస్తే ఎవరు నాటారని ఒక్క మాట అడగండి.

ఎక్కడైనా నేను పొరబడి ఉంటే ఎర్ర సిరా మీ చేతికి కూడా ఇస్తున్నాను, మొహమాటపడకండి.

స్వస్తి.