చదువు కొలతలో ఇంటిభాషకు చోటు

చిన్నతరగతుల పిల్లలకు చదువుట, వ్రాయుట, లెక్కించుట నిజముగా వచ్చునట్లు చేయవలెనని మన రాష్ట్ర ప్రభుత్వము కొన్నియేండ్లుగా చేయుచు వచ్చిన ప్రయత్నము మెచ్చదగినది. కరోనా కాలమున బడులు మూతపడుటచే కలిగిన నష్టమును పూరించుటకై 2022 జూను 13వ తేదీన ‘ఎణ్ణుం ఎళుత్తుం’ అను పథకమును ప్రారంభించిరి. అంకెయు నక్షరమును అని దాని యర్థము. 2025 నాటికి ఎనిమిదేండ్లలోపు బాలబాలికలందరును అర్థము తెలిసి చదువగలుగుట, చిన్న లెక్కలు చేయగలుగుట దాని లక్ష్యముగా ప్రకటించిరి. మొదట మూడవ తరగతి వరకును, 2023–24 నుండి అయిదవ తరగతి వరకును అది విస్తరించినది. అరుంబు, మొట్టు, మలర్ అని పిల్లలను మూడు స్థాయిలుగా గుర్తించి, తరగతిని బట్టి గాక స్థాయిని బట్టి పాఠము చెప్పుట అందలి ముఖ్యాంశము. బిడ్డ యున్న చోటికి బడియే దిగివచ్చుట మంచి పద్ధతి. దానిని మేము స్వాగతించుచున్నాము.

బడి విషయమున మన ప్రాంతమునకు మంచి చరిత్ర గలదు. 1903లో విరుదునగరున జన్మించిన కామరాజుగారు ముఖ్యమంత్రిగా నుండి, 1956లో మధ్యాహ్న భోజన పథకమును కోవిల్‌పట్టికి చేరువనున్న ఎట్టయపురముననే ఆరంభించిరి. ఆకలితో నున్న బిడ్డకు అక్షరము ఎక్కదను సత్యమును వారు గ్రహించిరి. ఆకలివలె కంటికి కనబడని మరియొక సత్యము గలదు. బిడ్డ బడికి వచ్చునప్పుడు ఒక భాషను వెంటబెట్టుకొని వచ్చును. అది యేదో తెలిసికొనక ఆ బిడ్డ చదువును గాని, చెప్పిన ఉపాధ్యాయుని శ్రమను గాని కొలిచినచో ఆ కొలత తప్పుటకు వీలున్నది.

మన కుటుంబములు తరతరములుగా ఈ కరిసల్ నేలపై నున్నవి. ఇంట తెలుగు, వీధిలో తమిళము. ఆరేండ్ల బిడ్డకు వీధి తమిళము కొంత వచ్చును. తమిళము మనకు పరాయిభాష యని మేమనము. అయినను వీధిలో మాటాడు నాలుగు మాటలు వేరు, పుస్తకము చదివి గ్రహించుట వేరు. మన బిడ్డ ఇంట ‘ఊరు, పాలు, కన్ను’ అనును. పుస్తకమున ‘ఊర్, పాల్, కణ్’ అని యుండును. ఇవి దగ్గరిమాటలు, కడపటి అచ్చు రాలిపోవుచున్నదని ఉపాధ్యాయుడొక్కసారి చెప్పినచో పదుల కొలది మాటలు వాని కైవసమగును. ‘బండి’ పుస్తకమున ‘వండి’ యగును. కుక్క ‘నాయ్’, పిల్లి ‘పూనై’ యగుచోట పోలికయే లేదు. లిపియు నట్టిదే. తెలుగున క, గ వేరక్షరములు. ప, బ వేరక్షరములు. తమిళమున ఒక్క యక్షరమే చోటును బట్టి రెండు విధముల పలుకును. ‘బస్సు’ అను మాటను సైతము ‘ప’ తోనే వ్రాయుదురు. ఏ చోట నెట్లు పలుకవలెనో తమిళపు టింటి బిడ్డకు చెవి చెప్పును. మన బిడ్డకు ఎవరైనను చెప్పవలెను.

ఇట్టి బిడ్డకు పఠనపరీక్ష పెట్టినచో రెండు విధముల పొరపాటు జరుగవచ్చును. పటములోని కుక్కను చూచి ‘కుక్క’ అన్న బిడ్డకు ఆ జంతువు తెలియును, మాట తెలియును, అడిగిన భాషలో మాత్రమే తెలియదు. వానిని ఏమియు రానివానిగా లెక్కించుట అన్యాయము. మరియొక బిడ్డ అక్షరములు కూడబలుకుకొని వాక్యమును తప్పులేకుండ గడగడ చదివివేయును, అర్థమడిగిన తెల్లబోవును. వానికి చదువు వచ్చినదని వ్రాసికొనుటయు అంతే పొరపాటు. ఆ లోపము మూడవ తరగతిలో పుస్తకభాష బరువెక్కినప్పుడు గాని బయటపడదు. మొదటివాడు ఉన్నదానికంటె తక్కువగాను, రెండవవాడు ఎక్కువగాను కనబడుదురు. ఇంటిభాష తెలిసియున్నచో పరీక్షకుడు ఇద్దరిని సరిగా గుర్తింపగలడు.

ఇంట తెలుగున్నందున తమిళము కుంటుపడునని భయపడువారు కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్ గ్రామమును తలచుకొనవలెను. కి. రాజనారాయణన్, కు. అళగిరిసామి ఇరువురును ఆ యూరివారే, తెలుగు మాటాడు ఇండ్లలో పుట్టినవారే. తమిళ కథాసాహిత్యమున ఇద్దరును సాహిత్య అకాడమీ బహుమానము నందిరి. ఇంటిభాష వారికి అడ్డుకాలేదు. కాని వారివంటి ప్రజ్ఞ అందరు బిడ్డలకు నుండదు. బడి యేర్పడినది సామాన్యుల బిడ్డల కొరకే.

ఇక ఉపాధ్యాయుల సంగతి. పథకము ఫలించినదా యని తెలిసికొనుటకు 2023లో ఉపాధ్యాయ శిక్షణ పొందుచున్న విద్యార్థులచే తరగతులను పరిశీలింపజేయ బూనగా ఉపాధ్యాయ సంఘములు అభ్యంతరము తెలిపినవి. 2025 సెప్టెంబరు 1వ తేదీన సుప్రీముకోర్టు, అయిదేండ్లకు మించి సేవాకాలము మిగిలియున్న ఉపాధ్యాయులు రెండేండ్లలో అర్హతా పరీక్షలో నెగ్గవలెనని తీర్పు చెప్పి, అల్పసంఖ్యాకుల విద్యాసంస్థలకు సంబంధించిన ప్రశ్నను విస్తృత ధర్మాసనమునకు నివేదించినది. ఉపాధ్యాయుడు పరీక్షకు అతీతుడని మేము వాదింపము. ప్రజల ధనముతో నడచు బడిలో ఏమి జరుగుచున్నదో తల్లిదండ్రులకు తెలియవలసినదే. మా ప్రశ్న యంతయు కొలబద్దను గురించియే.

ఇంగ్లండున 1862లో పిల్లల పరీక్షాఫలితములను బట్టి బడికి ధనసహాయమిచ్చు పద్ధతి నెలకొల్పిరి. ఆ శతాబ్దముననే మద్రాసు రాజధానిలోను ఫలితములను బట్టి గ్రాంటు లిచ్చిరి. ఫలమేమి? బడిపంతుళ్ళు పరీక్షకు వచ్చు పుస్తకమునే వల్లె వేయించిరి. చదువు రాకయే పిల్లలను పఠనపరీక్షలో నెగ్గించుట సాధ్యమగుచున్నదని అక్కడి పాఠశాలల తనిఖీదారుగా పనిచేసిన మాథ్యూ ఆర్నల్డు మహాశయుడే తన నివేదికలలో విమర్శించెను. ఉద్యోగ భయము కలిగినచోట ఉపాధ్యాయుని చూపు బిడ్డ మీదినుండి పట్టిక మీదికి మరలును. వెనుకబడిన బిడ్డ బరువగును. మన బిడ్డలు ఆ బరువులలో జేరగూడదు. ఇంట తమిళమే వినుచు వచ్చిన బిడ్డలకు చెప్పు పంతులును, సగమునకు పైగా తెలుగిండ్ల బిడ్డలు గల పల్లెలోని పంతులును ఒక్క సంఖ్యతో పోల్చబడినచో, చేరిన చోటు మాత్రమే చూచి బయలుదేరిన చోటు మరచినట్లగును.

కావున మేము కోరునవి మూడు. మొదటిది: బడి రికార్డులలోని మాతృభాష గడిని పఠన ఫలితములతో జతపరచి చూడవలెను. రెండవది: ఉపాధ్యాయుని పనిని విలువకట్టునప్పుడు బిడ్డ ఏడాది మొదట ఎక్కడ నుండెను, చివరకు ఎంత ముందునకు వచ్చెనను దానిని లెక్కింపవలెను. మూడవది: తెలుగు తెలిసిన ఉపాధ్యాయుడు ఒక మాటను బిడ్డకు తెలుగున విడమరచి చెప్పినచో దానిని నేర్పుగా గుర్తింపవలెను, తప్పుగా నెంచరాదు. వీనికి కొత్త బడులు గాని పెద్ద వ్యయము గాని అక్కరలేదు.

ఇది దయాభిక్ష కాదు. అల్పసంఖ్యాక భాషల బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన సౌకర్యములు కల్పించుటకు పాటుపడవలెనని 1956లో రాజ్యాంగమున చేరిన 350–ఎ అధికరణము చెప్పుచున్నది. అంతకు ముందే 1949లో విద్యామంత్రుల సమావేశము, తరగతిలో పదిమంది గాని బడిలో నలుబదిమంది గాని ఒక భాష బిడ్డలున్నచో ఆ భాషలో చెప్పు ఉపాధ్యాయుని నియమింపవలెనని నిర్ణయించినది. అయితే పదియైనను నలుబదియైనను లెక్కకు వచ్చుట కాగితము మీదనే.

ఇచ్చట మన వారితో ఒక మాట చెప్పక తప్పదు. బిడ్డను బడిలో చేర్చునప్పుడు మాతృభాష యేది యని యడిగిన, ‘ఏదైన నేమి, తమిళమని వ్రాసికొనుడు’ అను తల్లిదండ్రులు మనలో గలరు. 2011 జనగణనలో ఈ రాష్ట్రమున తెలుగు తమ మాతృభాష యని చెప్పినవారు సుమారు 42 లక్షలు. చెప్పనివారు ఆ లెక్కలో లేరు. మనమే వ్రాయించని మాటను ప్రభుత్వము చదువవలెననుట ఎట్లు? జూనులో బిడ్డను చేర్చునప్పుడు ఆ గడిలో ‘తెలుగు’ అని వ్రాయించుడు. దానివలన బిడ్డ తమిళమునకు లోపము రాదు.

ఇంకొకటి. లిపి నేర్పు భారమంతయు బడి మీద మోపి కూర్చుండరాదు. తమిళము కూడబలుకుట నేర్చిన బిడ్డకు తెలుగక్షరములు కష్టము కావు. అ ఆ ఇ ఈ ల వరుస ఒకటే; క, చ, ట, త, ప ల వరుసయు నొకటే. నడుమ చేరు అక్షరములను, గుణింతమును, ఒత్తులను నేర్పిన చాలును. తెలుగు చదువ నేర్చిన పెద్దలు ఒక్కరున్న ఇంట సాయంకాలము అరగంట. లేని చోట వీధికొక ఇంట ఆదివారము ఒక పూట. నాలుగైదు కుటుంబములు కలిసిన ఇది జరుగును.

తమిళము బాగుగా చదువుట మన బిడ్డల బ్రతుకునకు అవసరము. తెలుగు చదువుట వారి హక్కు. మొదటిది నేర్పు పంతులునకు న్యాయమైన కొలతను ప్రభుత్వమియ్యవలెను. రెండవదానికి మొదటి పలక మనము పట్టవలెను.