మౌత్ చెప్పి రాదు, ఖాతా రాసి పెట్టండి



మా దుల్హేభాయ్, అంటే మా ఆపా భర్త, ఇంతికాల్ అయ్యి ఆరేళ్ళు దాటింది. జుహర్ నమాజ్‌కి వుజూ చేస్తూ చేస్తూ నల్లా దగ్గరే కూలబడ్డారు. గద్వాల నుంచి కర్నూలుకు కారులో తీసుకుపోతుంటే అలంపూర్ చౌరస్తా దాటకముందే ఊపిరి ఆగిపోయింది. వయసు 51. షుగర్ లేదు, బీపీ లేదు. ఆ పొద్దున్నే విత్తనాల దుకాణం తెరిచి, ఇద్దరు రైతులకు ఉధార్ రాసి, "మధ్యాహ్నం అన్నం తినిపోండి" అని నాకు ఫోన్ చేసిన మనిషి.

ఆ రోజు నేను రెండు విషయాల్లో చుప్‌గా ఉండిపోయాను. ఆ రెండూ చెప్పడానికే ఇది రాస్తున్నాను.

గుసుల్ అయింది, కఫన్ కట్టారు. జనాజా ఎత్తే ముందు చుట్టాల్లో ఒక పెద్దావిడ ఆపా భుజం పట్టుకుని, "బేటీ, మెహర్ మాఫ్ చేసిన అని ఒక్క మాట అను. ఆయన బోజ్ దిగిపోతది" అన్నది. ఆపా ఏడుస్తూ తల ఊపింది. అందరూ "మాషా అల్లాహ్" అన్నారు. పాతికేళ్ళు కాపురం చేసిన ఆడమనిషి, భర్త ముఖం చివరిసారి చూస్తున్న ఆ నిమిషంలో, నలభై మంది ముందు "లేదు, నా హఖ్ నాకు కావాలి" అని ఎట్లా అంటుంది? అది రజామందీ కాదు, మొహమాటం. ఆపా తమ్ముణ్ణి నేను, పక్కనే నిలబడి ఉన్నాను. నోరు తెరవలేదు.

రెండోది ఇంకా బరువైనది. చహల్లుం అయిన వారానికి మా మొహల్లాలోని ఒక బేవా ఖాలా వచ్చింది. బీడీలు చుట్టి బతికే మనిషి. "బాబూ, ఉమ్రా కోసం దాచుకుంటున్న 40,000 మీ దుల్హేభాయ్ దగ్గర అమానత్ పెట్టిన. నెలకు వెయ్యి, రెండు వేలు ఇస్తా వచ్చిన" అన్నది. రసీదు లేదు, గవాహ్ లేడు. ఖాతా పుస్తకాలు తిరగేశాం, ఆమె పేరు కనపడలేదు. అప్పటికే ముగ్గురు నలుగురు వచ్చి, నిజమో కాదో తెలియని బాకీలు చెప్పి పోయారు. మా వాళ్ళు ఆమెను కూడా ఆ లెక్కలోనే కట్టారు. "పోయినోడు వచ్చి చెప్తాడా అని అందరూ వస్తున్నరు" అని ఒకరు ఆమె ముందే అన్నారు. ఖాలా ఏమీ అనలేదు. దుపట్టా సర్దుకుని వెళ్ళిపోయింది.

ఏడాదిన్నర తర్వాత దుకాణం ఖాళీ చేస్తుంటే, గోడకున్న పాత విత్తనాల కంపెనీ క్యాలెండర్ వెనక పెన్సిల్ లెక్క దొరికింది. "ఖాలా అమానత్" అని ఉర్దూలో రాసి, కింద తారీఖులు, అంకెలు. కూడితే సరిగ్గా 40,000.

డబ్బు తీసుకుపోయి ఇచ్చాం, మాఫీ అడిగాం. "అల్లాహ్ మాఫ్ చేయనీ" అన్నది. తీసుకున్నది. కానీ ఆ తర్వాత ఆమె మా ఆపా ఇంటి గడప తొక్కలేదు. రంజాన్‌లో ఇఫ్తారీ పంపిస్తే గిన్నె కడిగి తిరిగి పంపుతుంది, అంతే.

మా దుల్హేభాయ్ బేఈమాన్ కాదు. పైసా పైసా గుర్తుపెట్టుకునే మనిషి. ఆ గుర్తు ఆయన బుర్రలో ఉండింది, ఆయనతోపాటు ఖబర్‌లోకి పోయింది. ఆయన రాయని రెండు లైన్ల వల్ల ఒక దీన్‌దార్ ఆడమనిషి మా ఇంట్లో ఏడాదిన్నర పాటు అబద్ధాలకోరుగా ఉండిపోయింది. ఆ గునాహ్‌లో ఆయన వాటా ఎంతో, మా వాటా ఎంతో అల్లాహ్‌కే తెలుసు.

మన ప్రాంతంలో అచానక్ మౌత్ కొత్త కాదు. 2009 అక్టోబర్ మొదటి వారంలో కృష్ణ, తుంగభద్ర రెండూ ఒకేసారి పొంగితే అలంపూర్, కర్నూలు నీళ్ళలో మునిగాయి. పడుకున్న జనం కట్టుబట్టలతో మిద్దెలెక్కారు. 2013 అక్టోబర్ 30 తెల్లవారుజామున, బెంగళూరు నుంచి హైదరాబాద్ పోతున్న బస్సు కొత్తకోట దగ్గర పాలెంలో కల్వర్టుకు తగిలి తగలబడింది. 45 మంది చనిపోయారు. ఎవరు ఎవరో గుర్తుపట్టడానికి డీఎన్ఏ పరీక్షలు చేయాల్సి వచ్చింది. మనం ఎర్రవల్లి చౌరస్తాలో నిలబడి ఎక్కేది ఆ రోడ్డు మీది బస్సులే. 2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర ఎస్‌ఎల్‌బీసీ సొరంగం పైకప్పు కూలి 8 మంది లోపల చిక్కుకున్నారు. నెల రోజులు తవ్వినా ఇద్దరి శవాలే బయటికొచ్చాయి. అదే ఏడాది నవంబర్ 17న మదీనా పోతున్న ఉమ్రా బస్సు ఆయిల్ ట్యాంకర్‌ని ఢీకొని 45 మంది ఇంతికాల్ అయ్యారు. ఎక్కువమంది మన హైదరాబాద్ వాళ్ళు, అందులో ఒకే ఖాందాన్ వాళ్ళు 18 మంది.

నీళ్ళు, అగ్గి, కూలిన కప్పు. ఇట్లా పోయిన మోమిన్‌కు షహీద్ దర్జా ఉంటుందని హదీసుల్లో విన్నాం, అది మనకు తసల్లీ. కానీ దాని పక్కనే ఇంకో హదీస్ ఉంది. అల్లాహ్ మార్గంలో ప్రాణం ఇచ్చిన షహీద్‌కు కూడా గునాహ్‌లన్నీ మాఫ్ అవుతాయి, ఖర్జ్ ఒక్కటి తప్ప. ఖర్జ్ ఉన్న ఒక సహాబీ జనాజా వస్తే, అబూ ఖతాదా (రజి) ఆ బాకీ నా మీద వేసుకుంటున్నా అన్న తర్వాతే రసూలుల్లాహ్ (స) నమాజ్ చదివించారు. ఇక మన దుకాణం ఉధార్ సంగతేంటి?

మనం మౌత్ గురించి తక్కువ వింటామని కాదు. జుమా బయాన్‌లో ఖబర్ అజాబ్ గురించి వింటాం, కళ్ళు తుడుచుకుంటాం. ఇంటికి వచ్చి, బిర్యానీ తిని పడుకుంటాం. ఇంట్లో ఆ మాట ఎత్తితే మాత్రం, "అల్లాహ్ న కరే, అట్లాంటి మాటలు నోట రానియ్యకండి" అంటారు. మౌత్ గురించి మాట్లాడితే మౌత్ వస్తుందనుకోవడం దీన్ కాదు, వహం. వసీయత్ చేయాల్సింది ఏమైనా ఉన్నవాడు అది రాసి పెట్టుకోకుండా రెండు రాత్రులు కూడా గడపొద్దని హదీస్ ఉంది. అది విన్ననాటి నుంచి ఇబ్న్ ఉమర్ (రజి) వసీయత్ దగ్గర లేకుండా ఒక్క రాత్రి కూడా పడుకోలేదు. ఖురాన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్ ఏదో తెలుసా? సూరె బఖరాలో 282వ ఆయత్. అది అప్పు రాసి పెట్టుకోవడం గురించి. ఒంటెను కట్టేసి తవక్కుల్ చేయమన్న దీన్ మనది. మనం ఒంటెను వదిలేసి తవక్కుల్ అంటున్నాం.

క్యాలెండర్ దొరికిన రాత్రే నేను ఒక 200 పేజీల నోట్‌బుక్ కొన్నాను. మొదట రాసింది మా ఇంటామె మెహర్. 1998 నిఖానామా తీసి చూస్తే 11,000, ఉధార్. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా దాని మాట ఎత్తలేదు, సిగ్గేసింది. అప్పటి బంగారం లెక్క కట్టి, అంత ఒకేసారి లేక మూడు దఫాల్లో ఇచ్చాను. ఆఖరి దఫా చేతిలో పెడితే ఆమె, "ఇప్పుడు మీ మయ్యత్ పక్కన నన్నెవరూ అడగరు కదా" అన్నది. ఆపా తల ఊపిన రోజు ఆమె కూడా అక్కడే ఉన్నదని నాకప్పుడు గుర్తొచ్చింది.

ఆ నోట్‌బుక్‌లో ఏముందో చెప్తాను, మీకు పనికొస్తే తీసుకోండి.

మనం ఇవ్వాల్సినవి, మనకు రావాల్సినవి, తారీఖుతో సహా. మన దగ్గరున్న అమానత్‌లు, ఎవరివో పేరుతో సహా. బాకీ పడ్డ జకాత్, ఖజా రోజాలు. పట్టా పాస్‌బుక్, ఇంటి కాగితాలు, బీమా బాండ్లు ఏ బీరువాలో ఉన్నాయో. ఫోన్ తాళం ఎట్లా తీయాలో. ఒక నకలు ఇంట్లో, ఇంకొకటి మనతో ప్రయాణం చేయని నమ్మకస్తుడి దగ్గర. మదీనా బస్సు నేర్పిన సబక్ ఇది. ఇంటిల్లిపాదీ ఒకే బస్సులో పోతే తాళంచెవి కూడా అదే బస్సులో పోతుంది.

నామినీ పేరు చూసుకోండి. రైతుబీమా 2018 నుంచి ఉంది, 18 నుంచి 59 ఏళ్ళ రైతు ఏ కారణంతో చనిపోయినా 5 లక్షలు. కానీ నామినీగా ఎప్పుడో ఇంతికాల్ అయిన అమ్మీ పేరే ఉంటే భార్య ఆఫీసుల చుట్టూ తిరగాలి. బ్యాంకు ఖాతాకు 2025 నవంబర్ నుంచి నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు. పదేళ్ళు ఎవరూ ముట్టని డిపాజిట్ రిజర్వ్ బ్యాంక్ నిధికి పోతుంది. వారిస్‌లు అడిగితే తిరిగి వస్తుంది, కానీ ఉందని తెలిస్తే కదా అడిగేది. ఇంకో మాట: బ్యాంకు ఖాతాలో నామినీ అంటే డబ్బు చేతికి తీసుకునేవాడు, మాలిక్ కాదు. పెద్ద కొడుకు నామినీ అయినంత మాత్రాన చెల్లెళ్ళ హిస్సా ఆవిరైపోదు.

వసీయత్ ఆస్తిలో మూడో వంతు దాటకూడదు. వారిస్ పేరు మీద రాస్తే మిగతా వారిస్‌లు ఒప్పుకుంటేనే చెల్లుతుంది. మన వసీయత్‌కు స్టాంపు పేపర్ తప్పనిసరి కాదు. తెల్ల కాగితం మీద రాసి, ఇద్దరు గవాహ్‌ల సంతకం తీసుకుంటే తర్వాత తగాదా తగ్గుతుంది.

తర్తీబ్ కూడా పిల్లలకు చెప్పి పెట్టండి. ముందు కఫన్ దఫన్, తర్వాత ఖర్జ్, మెహర్ కూడా ఖర్జే, తర్వాత వసీయత్, ఆఖరికి విరాసత్. పిల్లలుంటే భార్యకు ఎనిమిదో వంతు, అది ఎవరూ పెట్టే ఖైరాత్ కాదు. ఈ తర్తీబ్‌లో జియారత్ విందు లేదు, చహల్లుం దావత్ లేదు. దుల్హేభాయ్ చహల్లుంకు మేము రెండు వందల మందికి వండించాం. ఆ డబ్బు ఆయన తర్కాలోది, అందులో పదమూడేళ్ళ యతీమ్ పిల్ల హిస్సా ఉంది. ఖాలా బాకీ అప్పటికి తీరలేదు. ఆ అన్నం నేనూ తిన్నాను.

మా జవాన్ లడ్కాలకు గుసుల్ ఇవ్వడం కూడా నేర్పిస్తున్నాను. బాప్‌కి ఆఖరి స్నానం చేయించడానికి బయటి మనిషి కోసం ఎదురుచూడకూడదు. ఆడపిల్లలకు మా ఇంటామె నేర్పిస్తున్నది.

ఇమామ్ సాబ్‌లకు ఒక గుజారిష్. నెలకు ఒక్క జుమాలో, ఖబర్ గురించి చెప్పిన తర్వాత "ఇంటికి పోయి ఖాతా రాయండి" అని కూడా చెప్పండి. మయ్యత్ ఇంట్లో ఎవరైనా బేవాను మెహర్ మాఫ్ అడిగితే అక్కడే ఆపండి. మీ మాట వింటారు.

ఈ రోజు ఇషా తర్వాత ఒక కాగితం తీసుకోండి. అన్నీ రాయలేకపోతే ఒక్క లైన్ రాయండి: ఎవరి అమానత్ మీ దగ్గర ఉంది?

యా అల్లాహ్, మా దుల్హేభాయ్‌కి మగ్ఫిరత్ ఇవ్వు. ఆ ఖాలాకు ఉమ్రా నసీబ్ చెయ్యి. మేము ఒకరి హఖ్ మెడకు చుట్టుకుని నీ దగ్గరికి రాకుండా కాపాడు. ఆమీన్.