వెదకుటకు వెల

ప్రకటనలు లేని శోధనయంత్రమునకు నెలనెలా చందా కట్టవచ్చునా, కూడదా యను ప్రశ్న నేడు విద్యావంతుల యెదుట నిలిచియున్నది. ఊరక దొరకుదానికి సొమ్ము చెల్లించుట వెఱ్ఱితనముగా తోచవచ్చును. కాని అది నిజముగా ఊరక దొరకుచున్నదా యని ముందు విచారింపవలెను.

గూగులు స్థాపకులైన లారీ పేజ్, సెర్గీ బ్రిన్ గారలు 1998లో ప్రకటించిన వ్యాసమునందే, ప్రకటనల రాబడిపై బ్రతుకు శోధనయంత్రము చదువరి యవసరమును విడిచి ప్రకటనదారుని పక్షమునకు మొగ్గునని హెచ్చరించియుండిరి. 2000లో ఆ సంస్థయే ప్రకటనల విక్రయమునకు పూనుకొనెను. ఫోనులలోను బ్రౌజరులలోను తన యంత్రమే ముందుండుటకై అది 2021లో ఇతర సంస్థలకు 2,630 కోట్ల డాలర్లు చెల్లించెను. శోధనరంగమున గుత్తాధిపత్యమును చట్టవిరుద్ధముగా నిలుపుకొన్నదని 2024 ఆగస్టులో అమెరికా న్యాయాధిపతి అమిత్ మెహతా గారు తీర్పు చెప్పిరి. సంస్థ దాని నంగీకరింపలేదు. ఏమైనను, అన్ని కోట్లు వెచ్చించి సంపాదింపదగిన వస్తువు మన చూపే యని తేలినది. కూలి యిచ్చువాని పనియే ముందు జరుగును. చందాలతో నడచు పత్రికకును, ప్రకటనలతో నడచు పత్రికకును గల భేదము మా చదువరు లెఱుగనిది కాదు.

అట్లని చందా కట్టినంతనే సర్వము చక్కబడునని మే మనము. గూగులు ప్రకటనల శాఖకు అధిపతిగా నుండిన శ్రీధర్ రామస్వామి గారు 2019లో నీవా అను సంస్థను నెలకొల్పిరి; తగినంతమంది చందాదారులు చేరక 2023లో దాని శోధనసేవ మూతపడెను. నేడు కాగి యను సంస్థ నెలకు 5 డాలర్లకు 300 శోధనలను, 10 డాలర్లకు మితిలేని శోధనలను ఇచ్చుచున్నది. ఇదియు కొంత పరుల సూచికలపై ఆధారపడునదే. నెలకు 10 డాలర్లనగా ఎనిమిదివందల రూపాయలకు పైమాటే. మన సామాన్య కుటుంబమున కది చిన్న మొత్తము కాదు.

కావున మా యభిప్రాయ మిది. రైలువేళలు, సినిమా సమయములు చూచుకొనువారు ఈ వ్యయమునకు దిగనక్కఱలేదు. వెదకుటయే వృత్తిగాగల న్యాయవాదులు, పత్రికారచయితలు, పరిశోధకులు ముందు ఉచితముగా నిచ్చు 100 శోధనలను తమ నిత్యకృత్యమునందు, ముఖ్యముగా తెలుగు విషయములందు, పరీక్షించి, కాలము కలిసివచ్చినచో చందా కట్టుట ఉచితము.

అయినను ఒక శంక మమ్ము వదలుట లేదు. ధనవంతునకు చక్కని బాటయు, బీదవానికి ప్రకటనల సంతయు మిగులుట దేశమునకు క్షేమము కాదు. ఇంటిపన్నుతోపాటు మనము గ్రంథాలయపు సెస్సు చెల్లించుచున్నాము. పుస్తకములు కొనలేనివారికై గ్రంథాలయములు వెలసినట్లే, నిష్పక్షపాతమైన శోధనయు అచ్చట లభింపవలెను. ఈ కోర్కెను మన గ్రంథాలయ సంస్థల యెదుట నుంచుట ప్రజల విధి.